శేషం ఒకటి

అత్‌బాషీ,
5 ఏప్రిల్ 1993

బురుల్ అక్కకి,

తమ్ముడు జుమాకాదిర్ సలాములతో రాసేది. నీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి? కరాకోల్‌లో ఈపాటికి ఆపిల్ చెట్లు మొగ్గ తొడుగుతుంటాయి. ఇక్కడ ఇంకా మంచే. తెల్లారి లేచి పాత అలవాటు కొద్దీ కొలకర్ర పట్టుకుని పెరట్లోకి వెళ్ళాను. పెన్షను పుచ్చుకునేవాడికి మంచు లోతుతో పనేమిటని మీ మరదలు తుర్సునై నవ్వింది. ముప్ఫై ఏళ్ళు కొండమీద వాతావరణ కేంద్రంలో కొలిచిన చెయ్యి, ఊరుకోమంటే ఊరుకుంటుందా?

నౌరూజ్ పండగ వెళ్ళింది, కోడి ఏడు వచ్చింది. అంటే పుట్టినప్పటి జంతువే పన్నెండేళ్ళకి మళ్ళీ తిరిగొచ్చింది, నీ తమ్ముడికి ముచోల్ ఏడు. అరవై ఒకటి. ఈ ఏడు ఒంటికీ ఇంటికీ గండమంటారు కనక వాడిన కోటు ఒకటి ఎవరికైనా ఇచ్చెయ్యాలని తుర్సునై పోరుతోంది. ఇస్తాను. అయితే నన్ను పట్టుకున్నది గండం కాదక్కా, ఆ అంకె.

నీకు గుర్తుందో లేదో, కేంద్రంలో నాతోపాటు ఫ్యోదర్ అని ఒక రష్యావాడు ఉండేవాడు. చలికాలం దారి మూసుకుపోతే మా ఇద్దరికీ ఒక రేడియో, ఒక పొయ్యి, బోలెడు తీరిక. వాడు ఒకసారి అడిగాడు: "మీవాళ్ళని వయసెంత అంటే జంతువు పేరు చెప్తారేమిట్రా? ఒకడు గుర్రం అంటాడు, ఒకడు పాము అంటాడు. నేనడిగింది వయసు." నేను చెప్పాను: మేము వయసుని పదుల్లో లెక్కపెట్టం, పన్నెండుల్లో లెక్కపెడతాం. పుట్టిన ఏడుని పన్నెండుతో భాగిస్తే మిగిలేదేదో దానికే జంతువు పేరు పెట్టాం. శేషం మేము చెప్తాం, భాగఫలం నువ్వు చూసుకో, మొహాన కళ్ళున్నాయి కదా అని. వాడు రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు వచ్చి, ఇంత తెలివైన పద్ధతి మాకెందుకు లేదు అన్నాడు.

ఆ చలికాలమే నాకీ పన్నెండ్ల పిచ్చి పట్టింది. బొటనవేలితో మిగతా నాలుగు వేళ్ళ కణుపులూ లెక్కపెట్టు, పన్నెండొస్తాయి. పదయ్యాక ఒకటి పక్కన సున్నా పెట్టడం బడిలో నేర్పారు. పన్నెండయ్యాక పెడితే ఏం పోతుంది? అలా రాస్తే పదమూడు 11 అవుతుంది, అంటే ఒక పన్నెండు, ఒకటి. ఇరవై అయిదు 21. ముప్ఫై ఏడు 31. నా అరవై ఒకటి 51. చూశావా, ముచోల్ ఏళ్ళన్నిటికీ చివర ఒకటే. తల్లి కడుపులో ఉన్న ఏడుని కలుపుకుంటాం కనక ఆ ఒకటి. మనిషి ఎంత బతికినా కడుపులో ఉన్న ఆ ఏడు మాత్రం భాగానికి లొంగకుండా చివర నిలబడే ఉంటుంది.

ఇంకో వింత. రెండుకీ మూడుకీ లొంగని అంకె ఏదైనా తీసుకుని దాన్ని దానితోనే హెచ్చవెయ్యి. అయిదైదులు ఇరవై అయిదు, ఏడేడులు నలభై తొమ్మిది, పదకొండు పదకొండ్లు నూట ఇరవై ఒకటి. పన్నెండ్లలో రాస్తే అన్నిటికీ చివర ఒకటే. ఇది ఏ పుస్తకంలోనో ఉండే ఉంటుంది. నాకు మాత్రం ఏ పుస్తకమూ చెప్పలేదు, మంచులో కూర్చుని నేనే కనిపెట్టాను.

మా అబ్బాయి తాలాయ్ పెళ్ళి సంగతి. కోచ్‌కోర్ వెళ్ళి పిల్ల చెవులకి పోగులు పెట్టి సంబంధం ఖాయం చేసుకుని వచ్చాం. పేరు నుర్జమాల్. తండ్రి లేడు, తాతగారూ ఇద్దరు అన్నలూ ఉన్నారు. అంతా బాగానే జరిగింది. మాంసం మెత్తగా ఉడికింది.

తాతగారి చెల్లెలు సాలికా అనే ఆవిడ మీ వీధిలోనే ఉంటుందట. ఎదురుపడితే మర్యాదగా పలకరించు. ఆవిడేమైనా చెప్తే మాత్రం సగం తీసేసి విను.

నీ తమ్ముడు
జుమాకాదిర్


కరాకోల్,
22 ఏప్రిల్

తమ్ముడూ,

ఉత్తరం చేరింది. మోకాళ్ళు ఉన్నచోటే ఉన్నాయి.

పన్నెండు గురించి రెండు కాగితాలు రాశావు. కొడుకు పెళ్ళి గురించి నాలుగు ముక్కలు, అందులో ఒకటి మాంసం ఉడకడం. చిన్నప్పుడు పాలకుండ పగలగొట్టిన రోజున కూడా నువ్వు నా దగ్గరికొచ్చి అరగంట సేపు దూడ గురించి చెప్పావు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, ఎవరో ఏదో చెప్తే సగం తీసేసి వినమని ముందే రాశావు కూడాను.

సాలికా నాకు కొత్త కాదు. ఆసుపత్రిలో నేను నర్సుగా ఉన్నప్పుడు ఆవిడ వంటింట్లో పనిచేసేది. మొన్న రొట్టెల కొట్టు దగ్గర కనిపించి, ఎప్పుడూ చెయ్యి పట్టుకుని మాట్లాడే మనిషి, దూరంగా నిలబడి తల ఊపి వెళ్ళిపోయింది. ఇంటికి వెళ్ళాను. టీ ఇచ్చింది. కప్పు నిండా పోసి ఇచ్చింది. త్వరగా తాగి వెళ్ళు అని దానర్థం, నీకు చెప్పక్కర్లేదు.

పిల్ల అన్నలిద్దరూ పోగులు తిప్పి పంపించేస్తామంటున్నారట. కారణం ఆవిడ చెప్పలేదు. మీ తమ్ముణ్ణే అడగమంది.

అడుగుతున్నాను. తాలాయ్‌కి ముప్ఫై దగ్గర పడుతున్నాయి, ఇన్నాళ్ళకి ఒక పిల్ల నచ్చింది. ఏం చేశావు?

అక్క


అత్‌బాషీ,
3 మే

అక్కా,

నీ దగ్గర దాచడం నా వల్ల ఎప్పుడైనా అయ్యిందా. రాస్తున్నాను. చదివి ఉత్తరం చింపెయ్యి.

మేము డోలోన్ కనుమ దాటి కోచ్‌కోర్ చేరేసరికి మధ్యాహ్నం దాటింది. జనం బాగా ఉన్నారు. లోపల గుమ్మానికి ఎదురుగా పెద్దలు కూర్చునే చోట ఒకాయన ఉన్నాడు. సన్నగా, నిటారుగా, గుర్రం మీద పుట్టినట్టున్నాడు. మీసం నల్లగా ఉంది. పళ్ళన్నీ ఉన్నాయి. నా సంగతి నీకు తెలుసు, నాకు పైన నాలుగు, కింద ఆరు. పిల్ల తాతగారు కాసిమాలి ఈయనే అన్నారు. తాత అనే మాట విన్నానే గాని నా బుర్రలోకి ఎక్కలేదు. మనలో నలభై అయిదేళ్ళకే తాతలైనవాళ్ళు లేరా?

మర్యాదగానే మొదలుపెట్టాను. తమది ఏ ఏడండీ అని అడిగాను. కోడి అన్నాడు.

అంతే. శేషం ఆయన చెప్పాడు, భాగఫలం నా కళ్ళు చూసుకున్నాయి. అయిదు పన్నెండ్లు, ఒకటి. నాలాగే. ఇద్దరు కోళ్ళం, ఒకే ఏటి వాళ్ళం, ఈడువాళ్ళం. ఈడువాళ్ళు ఒకళ్ళనొకళ్ళు వెక్కిరించుకోవడమే మన పద్ధతి, మర్యాద చూపిస్తేనే తప్పు కదా. "జరుగు, జరుగు, రెండు పుంజులకీ ఒకటే దూలం" అని భుజం పట్టి పక్కకి నెట్టి ఆయన పైచోట కూర్చున్నాను. నువ్వు అన్నాను. రా, పో అన్నాను. మీసానికి బూటు పాలిష్ వేశావా అన్నాను. నేను చస్తే మా ఆవిణ్ణి ఎత్తుకుపోదామని చూస్తున్నావు, అందుకే ఇంకా పళ్ళు దాచుకున్నావు అన్నాను. తుర్సునై నన్ను మోచేత్తో పొడిచింది. సరదాకి పొడిచిందనుకున్నాను.

మాంసం వచ్చింది. సన్నగా తరిగిన మాంసం, గొర్రె తోక కొవ్వు గుప్పెడు తీసి ఆయన నోట్లో కుక్కాను, అక్కా. నా చేత్తో. పెద్దవాడు చిన్నవాడికి తినిపిస్తాడు గాని చిన్నవాడు పెద్దవాడి నోట్లో పెట్టడం ఎక్కడైనా విన్నామా? ఈడువాడికైతే పెట్టొచ్చు, కొవ్వు మిగిలితే మీసానికి రాయొచ్చు కూడా. రాశాను.

ఆయన నోరు తెరిచాడు, తిన్నాడు. మాంసం తరుగుతున్న మనవలిద్దరి కత్తులూ ఆగిపోయాయి. నేనప్పుడు నవ్వుతున్నాను.

తిరిగొస్తూ కనుమ ఎక్కుతుంటే తుర్సునై చెప్పింది. పిల్ల తల్లి ఆవిడతో అందట: మామగారికి ఈ ఏడు డెబ్బయి మూడు, ముచోల్ ఏడు, ఎవరికి కోటిచ్చి గండం దాటిద్దామా అనుకుంటున్నాం అని. కారు ఆపమన్నాను. దిగి మంచులో నిలబడ్డాను. డ్రైవరు నాకు వాంతి వస్తోందనుకున్నాడు.

అందరూ ఏడు చెప్పించుకున్నాక ఎన్నో ముచోలండీ అని ఇంకో మాట అడుగుతారు. నేనడగను. ఎందుకంటే నాకు లెక్కలొచ్చు. కంటి అంచనా ఆరేళ్ళు అటూ ఇటూ తప్పినా పన్నెండ్ల లెక్క సరిపోతుందని ఊరందరికీ ఉపన్యాసాలిచ్చినవాణ్ణి. ఆరేళ్ళకి మించి ఎవడు తప్పుతాడు, గుడ్డివాడు తప్ప అనేవాణ్ణి.

ఇంకొకటి కూడా రాస్తాను, తిట్టకు. ఆ రోజు నుంచి డెబ్బయి మూడు నా వెంట పడింది. పన్నెండ్లలో రాసి చూశాను. ఆరు పన్నెండ్లు, ఒకటి. 61 అని రాయాలి. ఆయన వయసు పన్నెండ్లలో రాస్తే నా వయసు. పదమూడు నుంచి తొంభై ఏడు దాకా ముచోల్ ఏళ్ళన్నీ రాసి చూశాను. మార్చి రాస్తే మళ్ళీ ముచోల్ ఏడే అయ్యేది ఇదొక్కటే. మిగతావన్నీ 11, 21, 31 అంటూ దేనికీ కాకుండా పోతాయి. ఇన్నేళ్ళు అంకెలు నా స్నేహితులనుకున్నాను. ఇప్పుడు అవి గోడచాటున నిలబడి నవ్వుతున్నట్టుంది.

జరిగిందంతా ఇదే.

జుమాకాదిర్


కరాకోల్,
9 మే

తమ్ముడూ,

జరిగిందంతా ఇదే కాదు.

ఈసారి సాలికా కప్పులో కొద్దిగానే పోసింది, అంటే కూర్చోమంది. నీ ఉత్తరంలో ఉన్నవన్నీ చెప్పింది. తరవాత నీ ఉత్తరంలో లేనిది చెప్పింది. కొవ్వు గురించి కాదట ఆ పిల్లల కోపం. కొవ్వు కడిగితే పోతుంది, ముసలాయన సబ్బు పెట్టి కడుక్కున్నాడు అంది.

నువ్వు ఏమన్నావో నేను రాయను. నువ్వే రాయి. నీ చేత్తో రాయి.

ఇవాళ మే తొమ్మిది, యుద్ధం గెలిచిన రోజు. నేను పొద్దున స్మారకం దగ్గరికి వెళ్ళి వచ్చాను. ముసలివాళ్ళు పతకాలు పెట్టుకుని నిలబడ్డారు. పోయినేటికన్నా తక్కువమంది. నిలబడి చూస్తుంటే నాకు ఒకటి తట్టింది, నిన్నొకటి అడగాలి. కోడి ఏడంటే నీకు ఒక్క కోడే ఎలా గుర్తొచ్చిందిరా? మన ఇంట్లో ఇద్దరు కోళ్ళు ఉండేవారు. అమ్మ అన్నం పెట్టేటప్పుడు పెద్ద కోడీ, చిన్న కోడీ అని పిలిచేది. సాతర్‌కుల్ అన్నకీ నీకూ సరిగ్గా ఒక ముచోల్ తేడా. నిన్ను మెడ మీద ఎక్కించుకుని వాగు దాటించేవాడు. వాడు యుద్ధానికి లారీ ఎక్కినప్పుడు నీకు ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళవాడికి గుర్తుంటుంది.

కాసిమాలి మీసం నల్లగా ఉంది, పళ్ళున్నాయి, సరే. మన అన్న ఉంటే ఆయన ఈడే. ఆ ఏటి కోడి ఎవరైనా బతికి ఉండొచ్చని నీకు తోచనే లేదు కదూ. ఆ ఏటివాళ్ళందరూ పోయారని లెక్క కట్టేసుకున్నావు.

అక్క


అత్‌బాషీ,
1 జూన్

అక్కా,

ఈ ఉత్తరం చాలాసార్లు మొదలుపెట్టాను.

నేనన్నది ఇది. మాంసం ఆయన నోట్లో పెట్టి అన్నాను: "మన కోళ్ళు అదృష్టవంతులు. పై కోళ్ళని యుద్ధం కోసుకు తింది, మనం అమ్మ పావడా చాటున దాక్కుని బతికిపోయాం. నువ్వెవరి పావడా చాటున దాక్కున్నావురా?"

ఆయన నమిలాడు, మింగాడు. "మా అమ్మదే" అన్నాడు.

నేను తొడ చరుచుకుని నవ్వాను.

పై కోళ్ళు అన్నాను, చూశావా. అంటే ఆ నోటికి తెలుసు. అన్నయ్య గుర్తున్నాడు, హాస్యానికి పనికొచ్చేంత వరకు గుర్తున్నాడు.

తాలాయ్ పని నుంచి వచ్చి అన్నం తిని పెరట్లోకి పోతున్నాడు. ఒక్క మాట అనలేదు. అంటే బాగుండును. మొన్న నాకు టీ ఇస్తూ, "నుర్జమాల్ ఉత్తరం రాసింది, తాత గుర్రం మేపడానికి ఒక్కడే పైకి వెళ్ళిపోతున్నాడట, ఇంట్లో ఎవరితోనూ మాట్లాడటం లేదట" అన్నాడు. అంతే.

అన్నలు కోత పనులయ్యాక పోగులు తెచ్చి ఇస్తామని కబురు చేశారు. అంటే నాకు ఈ నెలా, వచ్చే నెలా ఉంది. తప్పుకి గుర్రం, కోటు ఇచ్చుకోవడం మన పద్ధతి కదా, బేరం ఎవరి చేత మాట్లాడిద్దాం? పోస్టుమాస్టరు ఎస్సెన్ మంచి మాటకారి. వాణ్ణి పంపనా?

జుమాకాదిర్


కరాకోల్,
14 జూన్

తమ్ముడూ,

ఎవర్నీ పంపకు. గుర్రం తోలుకుపోకు. గుర్రం చూస్తే ఆ పిల్లలు, మా తాత ధర ఇదా అంటారు, అప్పుడు నువ్వేం చెప్తావు?

నువ్వు వెళ్ళు. కారులో కాదు, బస్సులో వెళ్ళు. వీధి మొదట దిగి నడువు, నలుగురూ చూస్తారు, చూడనీ. కొత్త కోటు వేసుకోకు. గుమ్మంలో చెప్పుల దగ్గర కూర్చో. లోపలికి రమ్మంటే ఒకసారికి లేవకు. మీరు అను. తెల్లగడ్డం పెద్దాయన్ని పిలిచినట్టు అక్సకల్ అను.

అన్నిటికన్నా ముఖ్యం: లెక్క చెప్పకు. ఎలా పొరబడ్డావో ఎవరూ అడగరు, ఎవరికీ అక్కర్లేదు. భాగఫలం, శేషం అన్న మాటలు నోట వచ్చాయంటే నీ తప్పుని అంకెల మీదికి నెడుతున్నావన్నమాటే. నువ్వు ఆ పని బాగా చేస్తావు. డెబ్బయి మూడు అరవై ఒకటి అవుతుందని ఆయనకి చెప్పావని తెలిస్తే నేను మళ్ళీ నీకు ఉత్తరం రాయను.

సాలికా చేత ఆవిడ అన్నగారు కాసిమాలికి ఒక్క మాట చెప్పించాను. వస్తాడు, తలుపు వెయ్యొద్దు అని. అంతకన్నా అడగలేకపోయాను. నాకు మొహం చెల్లలేదు.

అక్క


కోచ్‌కోర్,
6 జూలై

అక్కా,

బస్సు సాయంత్రానికి గాని లేదు. పోస్టాఫీసు బల్ల మీద కూర్చుని రాస్తున్నాను. కలం వీళ్ళది, దారం కట్టి ఉంది, అందుకని అక్షరాలు వంకర.

నువ్వు చెప్పినట్టే నడిచాను. ఆ వీధి అంత పొడుగని మొదటిసారి తెలియలేదు. ఒక ముసలమ్మ ధాన్యం ఎండబోస్తూ, ఎవరి తాలూకు నాయనా అంది. కాసిమాలి గారింటికి అన్నాను. "ఓహో, నువ్వేనా" అని మళ్ళీ ధాన్యం చూసుకుంది.

చెప్పుల దగ్గర కూర్చున్నాను. పెద్ద మనవడు నన్ను దాటుకుని లోపలికీ బయటికీ తిరిగాడు, గుమ్మంలో మూట పడి ఉంటే దాటినట్టు. నుర్జమాల్ మాత్రం రొట్టె తెచ్చి నా ముందు పెట్టి మొహం చూడకుండా వెళ్ళిపోయింది. ఆ పిల్ల చెవులకి పోగులున్నాయి. ఇంకా ఉన్నాయి అనుకున్నాను.

ఎండ గుమ్మంలోంచి గోడమీదికి జరిగాక ఆయన గుర్రం దిగి వచ్చాడు. మీసం తెల్లగా ఉంది, అక్కా. ఆ రోజు పిల్ల పోగుల పండగ కదా, మనవరాలే రంగు వేసిందట.

నేను లేచి తల వంచి అక్సకల్ అన్నాను. తరవాత చెప్పాల్సినవన్నీ దారి పొడుగునా బట్టీపట్టాను, ఒక్కటీ రాలేదు. తప్పయింది అన్నాను. ఆయన కాసేపు జీను సర్దుతూ నిలబడి, లోపలికి రమ్మన్నాడు. లేవలేదు. మళ్ళీ రమ్మన్నాడు.

మనవలిద్దర్నీ కూర్చోబెట్టి మాట్లాడాడు. నాతో కాదు, వాళ్ళతో మాట్లాడినట్టే. ఆ రోజు నేను ఊరుకున్నది అతిథి అని కాదురా అన్నాడు. ఆ మాట నిజం గనక ఊరుకున్నాను అన్నాడు. నలభై ఒకటిలో ఊరికి లారీ వచ్చినప్పుడు ఆయన ఈడు కుర్రాళ్ళందరూ పాడుకుంటూ ఎక్కారట. ఈయన ఎక్కలేదట. ఇరవయ్యేళ్ళవాడు, తల్లి వెనక్కి పోయి పావడా పట్టుకుని కూర్చున్నాడట. అందరూ చూశారట. ఆ తల్లి చెంప మీద కొట్టి చెయ్యి పట్టి లాగి ఎక్కించిందట. దారి పొడుగునా లారీలో ఆ కుర్రాళ్ళు ఈయన్ని పావడా, పావడా అని ఏడిపించారట. రైల్లో ఏడిపించారు, కందకంలో ఏడిపించారు. ఒక్కొక్కరూ తగ్గిపోయారు. తిరిగొచ్చింది ఈయనొక్కడు. ఇంటి కోడలికీ మనవలకీ ఎవరికీ ఈ సంగతి తెలియదు. చిన్న మనవడు నేల చూస్తూ కూర్చున్నాడు.

అప్పుడు నాకేసి తిరిగాడు. "యాభై ఏళ్ళుగా ఆ మాట అనేవాడు లేడు. నువ్వన్నావు. నీకెలా తెలిసిందా అని భయపడ్డాను. తరవాత కోపం వచ్చింది. వాళ్ళ మాట నీ నోట్లోకి ఎందుకొచ్చిందని."

లెక్క చెప్పలేదు, అక్కా. ఒట్టు. కాని సాతర్‌కుల్ అన్న గురించి చెప్పాను. ఎందుకు చెప్పానో తెలియదు, దయ పుట్టించడానికి కాదు అనుకుంటాను. మా పెద్దన్నయ్యా కోడే, మీ ఏడే, రాలేదు అన్నాను. ఎక్కడివాడని అడిగాడు, ఏ దళమని అడిగాడు. తనకి తెలియదన్నాడు. అంతమందిలో ఎలా తెలుస్తుంది.

చాలాసేపు టీ చల్లారబెట్టుకున్నాడు. తరవాత అన్నాడు: "కొవ్వు సంగతి వదిలేశాను. ఈ మాట వదలడానికి నాది కాదు, ఆ పోయినవాళ్ళది. నువ్వు నాకు ఈడువాడివి కావు. మీ అన్న అవుతాడు. పెళ్ళికి వచ్చినప్పుడు మీ అన్న చోట కూర్చుని, వాడు ఎలా వెక్కిరించేవాడో అలా నన్ను ఒక్కసారి వెక్కిరించు. అందరి ముందూ. నువ్వు అనే పిలువు. అప్పుడు పిల్లని తీసుకుపో."

పెద్ద మనవడు ఏదో అనబోయాడు. ముసలాయన చెయ్యెత్తాడు.

సెప్టెంబరు చివర పెళ్ళి అన్నారు. నేను బయటికొచ్చి చెప్పులు తొడుక్కుంటుంటే ఎడమది కుడికాలికి ఎక్కింది. సంతోషం అనుకున్నాను మొదట. వీధి మలుపు దాకా నడిచాక తెలిసింది సంతోషం కాదని. అన్నయ్య ఎలా వెక్కిరించేవాడో నాకు తెలియదు. వాడి గొంతు తెలియదు. మెడ మీద ఎక్కించుకున్నాడని నువ్వు రాస్తే గుర్తొచ్చింది, అదీ మెడ వెనక జుట్టు గుచ్చుకోవడం ఒక్కటే.

నువ్వు అప్పటికి పెద్దదానివి, పదిహేనేళ్ళదానివి. వాడి ఈడువాళ్ళు మన ముంగిట్లో చేరి నవ్వుకునేవారు కదా. వాడేమనేవాడు? ఒక్కటి చాలు. వాడిదే కావాలి. ఇక్కడ అబద్ధం చెప్పే ధైర్యం నాకు లేదు.

బస్సు వచ్చింది.

జుమాకాదిర్


కరాకోల్,
2 ఆగస్టు

తమ్ముడూ,

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. జవాబు రాయకపోవడానికి మోకాళ్ళ నొప్పి అని రాద్దామనుకున్నాను. చేతులు బాగానే ఉన్నాయి.

నాకు గుర్తులేదు.

నిన్ను అన్ని మాటలన్న నోరే ఇది. గుర్తుంటుంది అని గట్టిగా రాశానే, ఆ రాసినప్పుడు కూడా లోపల వెతుక్కుంటే వాగూ, నువ్వు మెడ మీదా, అంతే ఉంది. వాడి బూట్లు గుర్తున్నాయి, ఎడమది మడమ దగ్గర అరిగింది. గుర్రాన్ని పిలవడానికి నాలుక మడిచి ఈల వేసేవాడు. లారీ ఎక్కేటప్పుడు అమ్మకేసి చూశాడు, నాకేసి చూశాడో లేదో తెలియదు. వాడి ఈడువాళ్ళు ముంగిట్లో నవ్వుకునేవారు, నిజమే. నేను వంటింట్లో ఉండేదాన్ని. నవ్వు వినపడేది గాని మాట వినపడేది కాదు. ఇన్నేళ్ళూ మే తొమ్మిదిన పూలు పట్టుకెళ్ళి, నాకంతా గుర్తుంది, మిగతావాళ్ళే మర్చిపోయారు అనుకుంటూ నిలబడ్డాను.

సాలికా ఇంటికి వెళ్ళి, ఆ రోజుల్లో కుర్రాళ్ళు ఏమని వెక్కిరించుకునేవారే అని అడిగాను. ఆవిడ తనూ వంటింట్లోనే ఉండేదాన్నని చెప్పింది. ఇద్దరం కూర్చుని సిగ్గుపడ్డాం. టీ ఎంత పోసిందో చూడలేదు.

పెళ్ళికి నేను వస్తాను. బస్సెక్కలేనని తాలాయ్‌తో చెప్పు, వచ్చి తీసుకెళ్ళమను. నీ పక్కన కూర్చుంటాను. నువ్వు నీకు తోచిందేదో అనేసెయ్. గట్టిగా అను, నవ్వు రావాలి. అన్నయ్య ఇలా అనేవాడని చెప్పు. ఆయన నాకేసి చూస్తాడు, చూస్తే నేను అవునంటాను.

అక్క